ఆఫీసులో వైకల్యం పేరుతో వివక్ష: తిరుపతి, చిత్తూరు ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది, క్యాలిపర్ (కాలికి కట్టుకునే ఇనుప ఊత) లేకుండా నడవలేను. సర్వీసులో ఉన్నప్పుడు నా సొంత గొడవల కోసం చదువుకున్న చట్టాన్ని ఇప్పుడు పదిమందికి చెప్పాల్సి వస్తోంది. శ్రీకాళహస్తి టీచరు ఫోన్ చేసినా, పలమనేరు సచివాలయ ఉద్యోగి చేసినా, తిరుపతి స్టాఫ్ నర్సు చేసినా అడిగేవి అవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను లాయర్ని కాదు. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలిసినవాణ్ణి, అంతే.

నన్నెవరూ తిట్టలేదు, జీతం ఆపలేదు. అయినా దీన్ని వివక్ష అనొచ్చా?

అనొచ్చు. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. వివక్ష అంటే ఎవరో మొహమ్మీదే అవమానించాలి, లేదా ఉద్యోగంలోంచి తీసేయాలి అనుకుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం (2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది) అట్లా చెప్పదు. మీ పని మీరు చేసుకోడానికి కావాల్సిన వెసులుబాటు, ఆఫీసు మీద మోయలేని భారం పడకుండా ఇవ్వగలిగి ఉండి కూడా ఇవ్వకపోతే అదీ వివక్షే అని నిర్వచనంలోనే రాసి పెట్టారు. అంటే కింది అంతస్తులో సీటు, స్క్రీన్ మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, వినపడని ఉద్యోగికి మీటింగులో చెప్పిందంతా రాసిచ్చే ఏర్పాటు, తలసేమియా ఉన్నవాళ్లకు రక్తం ఎక్కించుకునే రోజు పర్మిషన్, వీల్‌చైర్ పట్టేంత వెడల్పున్న టాయిలెట్ తలుపు. ఇవి దయ చూపించి ఇచ్చేవి కావు.

పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. పార్కిన్సన్స్, హీమోఫీలియా, మానసిక అనారోగ్యం, యాసిడ్ దాడి బాధితులు, అందరూ వస్తారు. బయటికి కనపడేదే వైకల్యం అనుకునే పెద్దమనుషులు మన ఆఫీసుల్లో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఆ జాబితా ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

సదరం సర్టిఫికెట్లో నా వైకల్యం 40 శాతం రాలేదు. నాకేం హక్కులు ఉండవంటున్నారు?

సగం నిజం. ఆ 40 శాతం రిజర్వేషన్‌కు, కొన్ని ప్రయోజనాలకు గీసిన గీత. వివక్ష చూపకూడదు, వెసులుబాటు ఇవ్వాలి అన్నచోట చట్టం ‘వైకల్యం ఉన్న వ్యక్తి’ అంది గానీ శాతం అడగలేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది: చెయ్యి వంకర్లు పోయే జబ్బున్న అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వకపోవడం తప్పంది. 40 లేదు కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. మీ ఆఫీసులో ఎవరైనా అదే మాట అంటే ఈ కేసు పేరు లెటర్‌లో ఒక్క వాక్యంగా రాయండి, చాలు.

ముందు ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ముందు ఫిర్యాదు చేయొద్దు. అడగండి. కాగితం మీద అడగండి.

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నానని అనుకున్నా ఫరవాలేదు. నా సంగతే చెబుతాను. మా పాత బిల్డింగులో నా సెక్షన్‌ను మొదటి అంతస్తుకు మార్చారు. ఇరవై రెండు మెట్లు, మధ్యలో ఒక మలుపు, సరిగ్గా ఆ మలుపు దగ్గరే పట్టుకోడానికి కమ్మీ లేదు. టాయిలెట్ మాత్రం కిందే. పొద్దున ఒకసారి ఎక్కితే మళ్లీ సాయంత్రమే దిగాలని నీళ్లు తాగడం మానేశాను. నాలుగు నెలలు నోటితోనే అడిగాను. మా సార్ చెడ్డవాడేం కాదు, అడిగిన ప్రతిసారీ “చూద్దాంలే సామీ, ఈ ఆడిట్ అయిపోనీ” అనేవాడు. ఆడిట్ అయింది, ఇంకేదో వచ్చింది, నేను ఎక్కుతూనే ఉన్నాను.

చివరికి ఒక పేజీ అర్జీ రాసి, ఆఫీసుకొచ్చే కాగితాలు నమోదు చేసే తపాలు సెక్షన్‌కు తీసుకెళ్లాను. అక్కడి తమ్ముడు చదివి, “ఏందన్నా, మన ఆఫీసులో మనమే అర్జీ పెట్టుకుంటామా” అని నవ్వాడు. నవ్వుతూనే నా కాపీ మీద ముద్ర కొట్టి, తేదీ వేసి, తపాలు నంబరు రాసిచ్చాడు. తొమ్మిదో రోజుకు సీటు కిందికి మార్చమని ఆర్డర్. రెండంటే రెండు లైన్లు.

ఎందుకట్లా? నోటిమాటకు ఫైలు ఉండదు. ఫైలు లేనిదానికి ఎవరూ సంతకం పెట్టరు, కాదని కూడా ఎవరూ రాయరు. కాగితం వచ్చాక మాత్రం అవునో కాదో రాయాలి, కాదంటే కారణం రాయాలి, వికలాంగుడికి కింద సీటు ఎందుకు ఇవ్వకూడదో కారణం రాయడానికి ఏ ఆఫీసర్‌కూ చెయ్యి రాదు. అప్పటికీ రాశాడనుకోండి, మీ ఫిర్యాదుకు కావాల్సిన సాక్ష్యం ఆయనే చేతికిచ్చినట్టు.

ఆ అర్జీలో ఏం రాయాలి? ఇంగ్లీషులోనే రాయాలా?

తెలుగులో రాయండి, భేషుగ్గా చెల్లుతుంది. ఒక పేజీ దాటనివ్వొద్దు. చాలామంది ఇరవై ఏళ్ల బాధంతా ఒకే కాగితంలో పోస్తారు, ఎప్పుడో 2009లో జరిగిన అవమానం దగ్గర మొదలుపెడతారు, చదివేవాడికి అసలు మీరడిగేదేంటో తెలియదు. ఒక అర్జీకి ఒకే కోరిక. ఇట్లా ఉంటే చాలు:

“అయ్యా, నేను మీ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్నాను. నాకు చలన వైకల్యం కలదు (సదరం సర్టిఫికెట్ నకలు జతపరచడమైనది). ప్రస్తుతం నా సీటు మొదటి అంతస్తులో ఉన్నందున విధి నిర్వహణ కష్టముగా ఉన్నది. వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 20(2) ప్రకారం నాకు కింది అంతస్తులో సీటు కేటాయించవలసినదిగా కోరుచున్నాను. 15 రోజులలో నిర్ణయము తెలుపగలరు.”

చివరి వాక్యం మర్చిపోవద్దు. ముద్ర వేసిన కాపీ మీ దగ్గర ఉండాలి. తపాలు సెక్షన్‌లో తీసుకోము అంటే గొడవ పడకుండా పోస్టాఫీసుకెళ్లి స్పీడ్ పోస్టులో అదే ఆఫీసుకు పంపండి, రసీదు దాచుకోండి. ఈ-ఆఫీస్ నడిచేచోట ఫైలు నంబరు కూడా అడిగి రాసుకోండి. వాట్సాప్‌లో పెట్టాను, బ్లూ టిక్ వచ్చింది అంటుంటారు కొందరు. మంచిదే, స్క్రీన్‌షాట్ ఉంచుకోండి, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

పదిహేను రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు?

ఇప్పుడు ఫిర్యాదు. సెక్షన్ 23 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలి, ఆ సంగతి వికలాంగుల కమిషనర్‌కు తెలియజేయాలి. ఉద్యోగంలో వివక్ష, వెసులుబాటు నిరాకరణ, ప్రమోషన్, అన్నీ ఆయనకు రాయొచ్చు. ఆయన దగ్గర ఫిర్యాదుల రిజిస్టర్ ఉండాలి, నమోదైన రోజు నుంచి రెండు వారాల్లో విచారించాలి.

“మా ఆఫీసులో అట్లాంటి పేరే వినలేదు సార్” అని పదిమందిలో తొమ్మిదిమంది అంటారు. వినకపోవడంలో వింతేం లేదు, ఆ పేరు నోటీసు బోర్డు మీదికి ఎక్కించినవాళ్లు తక్కువ. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పడేయండి: మీ సంస్థలో సెక్షన్ 23 కింద నియమించిన అధికారి పేరు, హోదా, నియమించిన ఉత్తర్వు నకలు, ఫిర్యాదుల రిజిస్టర్ నకలు ఇవ్వండి అని. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. ఆ దరఖాస్తు పడ్డాకే నియామక ఉత్తర్వు తయారైన ఆఫీసు ఒకటి నాకు తెలుసు, తేదీ చూస్తే నవ్వొచ్చింది. ఈలోపు చేతులు ముడుచుకుని కూర్చోకుండా, ‘ఫిర్యాదుల పరిష్కార అధికారి, సెక్షన్ 23’ అని రాసి ఆఫీసు హెడ్డు పేరునే ఫిర్యాదు ఇచ్చేయండి, నియమించకపోతే అది వాళ్ల తప్పు.

ఎవరి మీద ఫిర్యాదో ఆయనే ఆ అధికారి అయితే?

పై ఆఫీసుకు రాయండి, కింద ఆయనకు ఒక కాపీ పెట్టండి. ఎందుకు నేరుగా పైకి రాస్తున్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి, లేకపోతే ‘త్రూ ప్రాపర్ ఛానల్ రాలేదు’ అని వెనక్కి కొడతారు.

అక్కడా న్యాయం జరగకపోతే?

రెండు దారులున్నాయి. ఒకటి జిల్లా స్థాయి వికలాంగుల కమిటీ, చట్టంలోనే ఉంది. ఇది కలెక్టరేట్ చుట్టూ తిరిగే వ్యవహారం, అర్జీ విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో ఇస్తే కదులుతుంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో విడిపోయింది కాబట్టి మీ ఆఫీసు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి. పాత అలవాటు కొద్దీ చిత్తూరుకు బస్సెక్కి, అక్కడ ‘మీది తిరుపతి కదా’ అనిపించుకుని వెనక్కి వచ్చినవాళ్లున్నారు. క్రచెస్ మీద నడిచే మనిషికి ఆ ఒక్క రోజు ఎంత ఖరీదో నాకు తెలుసు.

సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వొచ్చా అని కూడా అడుగుతారు. ఇవ్వొచ్చు, ఒక నంబరు వస్తుంది, అదీ ఒక సాక్ష్యమే. కానీ అక్కడ అర్జీ తిరిగి తిరిగి మీ ఆఫీసుకే వస్తుంది, మీ సారే దానికి ‘పరిష్కరించబడినది’ అని రాసి మూసేసే ప్రమాదం ఉంది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

రెండోది రాష్ట్ర వికలాంగుల కమిషనర్. సాక్షులను పిలిపించడం, రికార్డులు తెప్పించడం లాంటి విషయాల్లో సివిల్ కోర్టుకుండే అధికారాలే ఆయనకూ ఉన్నాయి. విచారించి మీ శాఖకు సిఫార్సు పంపుతారు. శాఖ మూడు నెలల్లో దాని మీద చర్య తీసుకుని ఆయనకు తెలపాలి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆయనకూ మీకూ రాతపూర్వకంగా చెప్పాలి. సిఫార్సే కదా, దాన్నెవరు లెక్కచేస్తారు అంటారు. నిజమే, అది కోర్టు డిక్రీ కాదు. కానీ కమిషనర్ నోటీసు ఆఫీసులో తపాలుగా దిగిన రోజు చూడాలి. అంతవరకూ ఎవరికీ గుర్తుండని మీ అర్జీ ఏ బీరువాలో ఉన్నా అరగంటలో బయటికొస్తుంది.

నేను పోస్టల్‌లో చేస్తున్నాను, మా తమ్ముడు టీటీడీలో. ఇద్దరికీ ఒకటేనా?

చట్టం ఒకటే, తలుపులు వేరు. రైల్వే, పోస్టల్, జాతీయ బ్యాంకులు, ఎల్ఐసీ, తిరుపతి ఐఐటీ, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం లాంటివి కేంద్రం కిందివి. వాళ్లు ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు రాయాలి. టీటీడీ, ఎస్వీ యూనివర్సిటీ, రుయా ఆసుపత్రి, మున్సిపాలిటీ, పంచాయతీరాజ్ స్కూళ్లు, 2020 జనవరి నుంచి ప్రభుత్వంలో కలిసిన ఆర్టీసీ ఉద్యోగులు, వీళ్లంతా రాష్ట్ర కమిషనర్‌కు. తప్పు తలుపు తడితే కొంపేం మునగదు, రెండు మూడు నెలలు పోతాయి.

కొండ మీద వికలాంగులకు దర్శనానికి వేరే ఏర్పాటుంది, దాన్ని ఎవరూ తప్పు పట్టరు, పైగా పుణ్యం అంటారు. అదే వెసులుబాటు కొండ కింద ఆఫీసులో అడిగితే ‘అందరికీ ఒకటే రూలు’ అంటారు. నాకు ఇప్పటికీ అర్థం కాని విషయాల్లో ఇదొకటి.

సర్వీసులో ఉండగా యాక్సిడెంట్ అయి కాలు తీసేశారు. ‘వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) రాసివ్వు’ అని ఒత్తిడి చేస్తున్నారు. ఏం చేయాలి?

ఏమీ రాసివ్వకండి. ఈ ప్రశ్నకు నిదానంగా జవాబు చెబుతాను, ఎందుకంటే తొందరలో చేసిన ఒక్క సంతకం ఇక్కడ మొత్తం జీవితాన్ని మార్చేస్తుంది.

సెక్షన్ 20(4) ఏమంటుందంటే, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టు ఇవ్వాలి. అట్లాంటి పోస్టు ఖాళీ లేకపోతే, దొరికేదాకా గానీ రిటైరయ్యేదాకా గానీ అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ‘ఖాళీ లేదు’ అనే మాటకు చట్టం ముందే జవాబు చెప్పి పెట్టిందన్నమాట.

ఇది కొత్తగా వచ్చింది కాదు. పాత చట్టంలో సెక్షన్ 47 ఇదే చెప్పేది. కునాల్ సింగ్ అనే కానిస్టేబుల్‌కు డ్యూటీలో దెబ్బ తగిలి ఎడమ కాలు తీసేస్తే, పనికిరాడని ఇంటికి పంపారు. 2003లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఇన్వాలిడ్ పెన్షన్ (ఆరోగ్యరీత్యా పనికి పనికిరాడని ఇంటికి పంపినప్పుడు ఇచ్చేది) తీసుకుంటున్నాడు కదా అన్న వాదన కూడా నిలబడలేదు. మొన్న 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసు చూడండి, రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన మనిషికి అంతే జీతంతో వేరే పని ఇమ్మని సుప్రీంకోర్టు అంది. రంగులు కనపడకపోవడం ఆ 21 రకాల్లో లేనే లేదు, అయినా వేరే ఉద్యోగం ఏదైనా ఉందేమో నిజంగా వెతికి చూడాల్సిన బాధ్యత సంస్థదేనంది.

చేయాల్సిన పని: సెలవు అయిపోయేలోపు, చేరడానికి సిద్ధంగా ఉన్నాననీ, సెక్షన్ 20(4) ప్రకారం తగిన పోస్టు ఇమ్మనీ రాసి ఇవ్వండి. ఆసుపత్రి మంచం మీద నుంచైనా సరే. డాక్టర్ ‘అన్‌ఫిట్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ఏ పనికి అన్‌ఫిట్టో, ఏ పని చేయగలరో విడిగా రాయమని అడగండి. డ్రైవింగ్‌కు అన్‌ఫిట్, కూర్చుని చేసే పనికి ఫిట్ అని రాస్తే సగం గెలిచినట్టే.

ఇంకో మాట. మెడికల్ ఇన్వాలిడేషన్ కింద రిటైరైతే పిల్లాడికి ఉద్యోగం వస్తుంది కదా అని ఇంట్లోవాళ్లే తొందరపెట్టే సందర్భాలుంటాయి. అది మీ ఇంటి నిర్ణయం, నేను తప్పు పట్టను. కాకపోతే దానికి వేరే నిబంధనలు, మిగిలిన సర్వీసు, మెడికల్ బోర్డు అని బోలెడు మెలికలున్నాయి. అవన్నీ చదివి, రాసిన హామీ చూసి అప్పుడు సంతకం పెట్టండి. ఆఫీసువాళ్లు నోటితో చెప్పిన హామీ హామీ కాదు.

వైకల్యం ఉందని ప్రమోషన్ ఆపొచ్చా?

కూడదు, సెక్షన్ 20(3). ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మీరు ఉద్యోగంలో చేరింది వికలాంగుల కోటాలో కాకపోయినా ప్రమోషన్లలో రిజర్వేషన్ అడగొచ్చు. కేరళకు చెందిన లీసమ్మ జోసెఫ్ కారుణ్య నియామకంలో చేరిన ఉద్యోగి, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పిచ్చింది. ప్యానెల్ (ప్రమోషన్‌కు ఎంపికైనవాళ్ల జాబితా) తయారయ్యే ముందే అడగాలి. ప్యానెల్ వచ్చాక, జూనియర్లు చేరిపోయాక లేస్తే పని పదింతలు.

బదిలీల్లో దూరం వేశారు.

బదిలీల మార్గదర్శకాలు బదిలీలకు అనుమతి ఇచ్చినప్పుడు వచ్చే జీవోలో ఉంటాయి, వికలాంగులకు ఇచ్చే మినహాయింపో ప్రాధాన్యమో ఎంత శాతానికి, ఏ సర్టిఫికెట్‌కు అన్నది ఆ ఏడాది జీవోలోనే చూడాలి. పక్కింటాయనకు పోయినసారి ఏమైందో దాన్ని బట్టి పోవద్దు. ఆప్షన్ ఫారంతోపాటు సర్టిఫికెట్ పెట్టారా లేదా అన్నదే మొదటి ప్రశ్న, సగం కేసులు ఇక్కడే పోతాయి.

అందరి ముందు ‘కుంటోడు’, ‘చెవిటోడు’ అని పిలుస్తారు. సరదాకే అంటారు, నాకు మాత్రం...

మీకు సరదాగా లేదు కదా, అది చాలు ఆలోచించడానికి. నన్నూ అన్నారు. మొదటి పదేళ్లు నేనూ నవ్వేవాణ్ణి.

సెక్షన్ 92 ప్రకారం, పదిమందికీ కనపడే చోట అవమానించాలనే ఉద్దేశంతో వికలాంగుణ్ణి కించపరిస్తే, బెదిరిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. చిన్న సెక్షన్ కాదు. కాబట్టే ఆచితూచి వాడాలి. ‘ఉద్దేశం’, ‘పదిమంది ముందు’ అన్న రెండూ రుజువు కావాలి, సాక్ష్యం చెప్పాల్సింది రేపు మళ్లీ అదే ఆఫీసులో అదే సారు కింద పనిచేయాల్సిన మన తోటివాళ్లే. ముందు రాతపూర్వకంగా ‘నన్ను ఇట్లా పిలవొద్దు’ అని చెప్పండి, కాపీ పైఅధికారికి పెట్టండి. ఆ తర్వాత కూడా అంటే అది సరదా అని ఎవరూ వాదించలేరు. అన్న రోజు, టైము, పక్కన ఎవరున్నారు అన్నది ఇంటికొచ్చి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆలస్యానికి, తప్పులకు ఛార్జ్ మెమో ఇచ్చారు. వాటికి కారణం నా జబ్బే.

మెమోకు జవాబు గడువులోపు ఇవ్వండి, అలిగి ఊరుకోవద్దు. జవాబులో వైకల్యం సంగతి, వెసులుబాటు అడిగిన తేదీ, అప్పటి తపాలు నంబరు రాయండి. 2021 డిసెంబరులో రవీందర్ కుమార్ ధరీవాల్ కేసు వచ్చింది, మానసిక అనారోగ్యం ఉన్న సీఆర్పీఎఫ్ అధికారిది. క్రమశిక్షణ చర్యకు దారితీసిన ప్రవర్తనకు వైకల్యం ఒక కారణమని చూపిస్తే చాలు, అదొక్కటే కారణమని రుజువు చేయక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. అట్లాగని ప్రతి తప్పునూ దీనికింద పెట్టొద్దు. బిల్లులో లక్ష తేడా వస్తే దానికి కాలు నొప్పి జవాబు కాదు.

మానసిక సమస్య ఉంది, మందులు వాడుతున్నాను. ఆఫీసులో చెప్పాలా?

చెప్పి తీరాలన్న బలవంతం లేదు. కానీ చెప్పకుండా వెసులుబాటు అడగలేం, ఆఫీసుకు తెలియని వైకల్యాన్ని పట్టించుకోలేదని తర్వాత అనలేం. మధ్యే మార్గం ఒకటుంది: జబ్బు పేరు, కథంతా కాకుండా ఏం కావాలో మాత్రం అర్జీలో రాసి, సర్టిఫికెట్‌ను సీల్డ్ కవర్లో ‘కాన్ఫిడెన్షియల్’ అని రాసి ఆఫీసర్ పేరున ఇవ్వడం. నైట్ డ్యూటీ వద్దు అని అడిగిన ఒక నర్సమ్మ ఇట్లాగే చేసింది, వార్డులో ఎవరికీ తెలియకుండానే డ్యూటీ చార్టు మారింది.

ఫిర్యాదు చేస్తే కక్ష కడతారేమో?

కట్టొచ్చు. కట్టరని చెప్పి మిమ్మల్ని ముందుకు తోయను. ఏసీఆర్‌లో (పనితీరు మీద పైఅధికారి ఏటా రాసే రిపోర్టు) గీతలు, ఇంక్రిమెంట్ ఫైలు కదలకపోవడం, సీట్లో పని లేకుండా కూర్చోబెట్టడం, ఇవన్నీ జరుగుతాయి. ఒక్కటే మందు: ఫిర్యాదుకు ముందు మీ రికార్డు శుభ్రంగా పెట్టుకోండి. పెండింగ్ ఫైళ్లు క్లియర్ చేయండి, హాజరు సరిచూసుకోండి. ఫిర్యాదు తేదీ తర్వాత మొదలైన ప్రతి మెమో ఆ తేదీ పక్కన పెట్టి చూపిస్తే కథ దానంతటదే అర్థమవుతుంది. యూనియన్‌ను వెంట తీసుకెళ్లండి, కనీసం ఒక్కరు పక్కన నిలబడినా ఎదుటివాళ్ల గొంతు తగ్గుతుంది.

నాది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఇవేమైనా వర్తిస్తాయా?

వివక్ష చూపకూడదన్నది అందరికీ వర్తిస్తుంది. వెసులుబాటూ అడగొచ్చు, పనిచేసే ఆఫీసుకు ఒకటి, ఏజెన్సీకి ఒకటి అర్జీ ఇవ్వండి, లేకపోతే ఒకరిమీద ఒకరు తోసేస్తారు. పోస్టు కాపాడే 20(4) విషయంలో మాత్రం రెగ్యులర్ ఉద్యోగికున్నంత గట్టి నేల మీ కాళ్ల కింద ఉండదు.

నాది దొంగ సర్టిఫికెట్ అని ప్రచారం చేస్తున్నారు.

మోసంతో ప్రయోజనం పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది, సెక్షన్ 91. కాబట్టి అనేవాణ్ణి రాతపూర్వకంగా అనమనండి. మళ్లీ మెడికల్ బోర్డుకు పొమ్మంటే ఉత్తర్వు కాగితం అడిగి తీసుకుని వెళ్లండి. దాక్కుంటే అనుమానం పెరుగుతుంది.

మా బిల్డింగుకు ర్యాంపే లేదు. ‘ఫండ్స్ లేవు’ అంటున్నారు.

ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ ఐదేళ్లలో అందరికీ అందుబాటులోకి రావాలని సెక్షన్ 45 చెప్పింది, 2017 జూన్‌లో రూల్స్ వచ్చాయి, లెక్క మీరే వేసుకోండి. ర్యాంపు కట్టేదాకా కింద కూర్చోబెట్టడానికి ఫండ్స్ అక్కర్లేదు, ఒక టేబుల్ కిందికి దించితే చాలు. అర్జీలో ఈ రెండో మాటే ముందు రాయండి.

కోర్టుకు పోవాల్సి వస్తే?

రాష్ట్ర ఉద్యోగులకు ఇప్పుడు ట్రిబ్యునల్ లేదు, అమరావతి హైకోర్టులో రిట్ వేయాలి. కేంద్ర ఉద్యోగులకు క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) ఉంది. ఖర్చు చూసి భయపడొద్దు: వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, 15100 కు ఫోన్ చేసినా చెబుతారు. లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కన్నీళ్లకన్నా ముందు ముద్ర పడిన ఆ కాపీలు తేదీల వరుసలో పెట్టి తీసుకెళ్లండి. ఆయన మొదట అడిగేవి అవే.

ఆర్డర్ వచ్చేసింది. ఇక అయిపోయినట్టేనా?

ఇంకా కాదు. ఆర్డర్ కాపీ మూడు తీయించండి, ఒకటి ఇంట్లో పెట్టండి. అవసరమైతే సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ వేయించండి, వేసిన పేజీ ఫొటో తీసుకోండి. నా సీటు కిందికి మార్చిన రెండేళ్లకు కొత్త సార్ వచ్చాడు, వచ్చిన వారంలోనే సెక్షన్లన్నీ తిరగేసి నన్ను మళ్లీ పైకి వేశాడు. ఆ రెండు లైన్ల ఆర్డర్ జిరాక్స్ ఆయన టేబుల్ మీద పెట్టాను. చదివి, “ముందే చెప్పొచ్చు కదయ్యా” అన్నాడు. మధ్యాహ్నం భోజనాల లోపే అటెండర్ నా కుర్చీ, బీరువా తాళాలు కిందికి తెచ్చిచ్చాడు.